పండుగ పండుగకూ ఒక తెలుగు కాగితం

(పురుషోత్తంపూర్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషోద్యమ సభల్లో మనం సాధారణంగా బడిని గురించి, పరిపాలనను గురించి మాట్లాడుకుంటాం. అది న్యాయమే. అయితే నేను అచ్చుపని చేసి బతికినవాణ్ణి. నాకు తెలిసిన పనిని గురించి చెప్పడమే నాకు మర్యాద, మీకు ప్రయోజనం. ఈ జిల్లాలో మన దుకాణాలకు, మన పెళ్ళిళ్ళకు, మన పండుగలకు ఏడాది పొడవునా ఏదో ఒక కాగితం అచ్చవుతూనే ఉంటుంది. వాటిలో తెలుగు ఎంత? ఆ అచ్చుపనిని ఋతువుల వారీగా ముందే తలపోసుకొని, నలుగురమూ కలిసి వేయించుకుంటే మన లిపి ఈ నేల మీద నిలుస్తుంది. ఎవరి పని వారు ఆఖరి నిమిషంలో వేయించుకుంటే నిలవదు. ఈ ఒక్క మాట మనవి చేయడానికే మీ ముందు నిలుచున్నాను.

కాలం చూసుకొని రాతను జనం ముందుకు తేవడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. మన ఊరికి చేరువలోనే ఋషికుల్యా తీరాన జౌగడ ఉన్నది. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దిలో అశోకుడు అక్కడి బండ మీద శాసనాలు చెక్కించాడు. అందులో కళింగ ప్రజలకోసం ప్రత్యేకంగా వేయించినవి రెండు. నాలుగేసి నెలలకొకసారి తిష్య నక్షత్రం నాడు ఈ శాసనాన్ని జనం వినాలని, నడుమనడుమ కూడా వినవచ్చునని వాటిలోనే రాసి ఉన్నది. తిష్య అంటే మన పుష్యమి. అది సంస్కృతంలో కాక ప్రాకృతంలో ఉన్నదని కూడా గుర్తుంచుకోవాలి. జనానికి తెలిసిన భాషలో రాయడం, రాసినదానిని ఏ రోజున వినిపించాలో ముందుగా నిర్ణయించడం, ఈ రెండూ కలిస్తేనే రాత పనిచేస్తుందని ఆ రాజుకు తెలుసు. మనకు బండలూ ఉలులూ అక్కరలేదు. రీము కాగితం, కొంచెం ముందుచూపు చాలు.

ఇక మన స్థితి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. కచేరీలో, బడిలో, బజారులో తెలుగు, ఒడియా రెండూ నడిచేవి. వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880 నుండి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, 1936లో ఆ పట్టణాన్ని విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళారు. మన పెద్దలు ఉండిపోయారు. ఉండిపోయినవారి భాష ఇంట్లో మిగిలింది, కాగితం మీద తరిగిపోయింది.

తరిగిన తీరును నేను కళ్ళారా చూశాను. సీసపు అక్షరాల కాలంలో బరంపురంలో తెలుగు కూర్చగల కంపోజిటర్లు ఉండేవారు. ట్రెడిల్ యంత్రాలు పోయి ఆఫ్‌సెట్ వచ్చింది, కంప్యూటరు వచ్చింది. నేను పనిచేసిన ఒక ముద్రణాలయంలో తెలుగు అక్షరాల గళ్ళపెట్టెలను తూకానికి అమ్మివేశారు. ఒడియా అక్షరాలను కూడా అమ్మారు కాని, వాటి స్థానంలో ఒడియా కూర్చగల కంప్యూటరు మనిషిని పెట్టుకున్నారు. తెలుగుకు ఎవరినీ పెట్టుకోలేదు. అడిగితే యజమాని చెప్పిన జవాబు ఇది: “నెలకు రెండు తెలుగు పనులు వస్తాయి. రెండు పనులకు ఒక మనిషిని ఎలా పోషించను?” ఆ మాటలో ద్వేషం లేదు, లెక్క ఉన్నది. మనం ఆ లెక్కకే జవాబు చెప్పాలి.

తెలుగు కూర్చేవారు లేరు కాబట్టి మన శుభలేఖలు ఇంగ్లీషులోనో ఒడియాలోనో వేయిస్తున్నాం. తెలుగులో వేయించే పని రావడం లేదు కాబట్టి కూర్చేవారు ఉండడం లేదు. ఈ చక్రంలో నలిగిపోతున్నది మన పిల్లలు. ఒడియా మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదువుకునే పిల్లవాడికి ఇంట్లో తెలుగు మాట వినబడుతుంది, తెలుగు అక్షరం కనబడదు. అమ్మమ్మతో గలగల మాట్లాడే పిల్ల తన అన్న పెళ్ళిపత్రికలో ఇంటిపేరును తెలుగులో చదవలేకపోతే, ఆమె పిల్లలకు ఆ మాట కూడా మిగలదు.

ఎప్పుడు ఏమి అచ్చు వేయించాలో తెలియాలంటే ముందు మన పంచాంగం సంగతి తెలియాలి. గంజాం తెలుగువాడు రెండు పంచాంగాల నడుమ బతుకుతున్నాడు. మన చాంద్రమాసం అమావాస్యతో ముగుస్తుంది. ఒడియావారి చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది. అందువల్ల కృష్ణపక్షం వచ్చేసరికి నెల పేరు మారిపోతుంది. మహాశివరాత్రి మనకు మాఘ బహుళ చతుర్దశి, వారికి ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. రోజు ఒకటే, పేరు వేరు. కార్తికం సంగతి మరీ స్పష్టం. పొరుగింటి ఒడియా అమ్మ కార్తిక నియమాలు ఆశ్వయుజ పున్నమి దాటగానే మొదలుపెట్టి కార్తిక పున్నమితో ముగిస్తుంది. మన ఇంటి అమ్మ దీపావళి మరునాడు దీపం మొదలుపెట్టి అమావాస్య దాకా వెలిగిస్తుంది. సంవత్సరాది కూడా అంతే. వారి పణా సంక్రాంతి సౌరమానం కనుక ఏటా ఏప్రిల్ 14 ప్రాంతంలోనే వస్తుంది. మన ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. ఇలా ఏటా పది, పదకొండు రోజులు వెనక్కి జరిగి, అధికమాసం రాగానే మళ్ళీ ముందుకు పోతుంది. 2026లో మే 17 నుండి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం పడింది. అధికమాసంలో పెళ్ళిళ్ళు ఉండవు, శుభలేఖల పని ఉండదు. ప్రణాళిక వేసుకునేవాడు ఈ లెక్క చూసుకోకపోతే ఉగాది పత్రం ఉగాది దాటిన తరువాత చేతికి వస్తుంది.

మరొక సంగతి. ఆంధ్రదేశం నుండి వచ్చే గోడ కాలెండరు మన ఇంట్లో వేలాడుతుంది. సంతోషమే. కాని దానిలోని సూర్యోదయం మనది కాదు. రేఖాంశంలో ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. విజయవాడ 80.6 డిగ్రీల దగ్గర, మన ఊరు 84.9 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అంటే విజయవాడకంటే మనకు సుమారు పావుగంట ముందే పొద్దు పొడుస్తుంది. హైదరాబాదుతో పోలిస్తే సుమారు ఇరవై అయిదు నిమిషాలు. తిథి ముగిసే గడియారపు సమయం దేశమంతటా ఒకటే అయినా, సూర్యోదయాన్ని బట్టి లెక్కించే దుర్ముహూర్తం, రాహుకాలం మారిపోతాయి. ఒక్కొక్కసారి పండుగ రోజు కూడా మారవచ్చు. గంజాం సూర్యోదయంతో లెక్కవేసి, తెలుగు నెలల పేర్లతో, పక్కనే ఒడియా నెల పేరుతో, మన బడుల సెలవులతో, తారాతారిణి జాతర రోజులతో కాలెండరు కావాలంటే విజయవాడవారు వేసిపెట్టరు, కటకంవారూ వేసిపెట్టరు. మనమే వేసుకోవాలి. అందుకే మన ఏడాది పనిలో మొదటిది కాలెండరు.

కాలెండరు పని జనవరిలో మొదలయ్యేది కాదు. తమిళనాడులోని శివకాశిలో ఆడి మాసం పద్దెనిమిదో రోజున, అంటే ఆగస్టు మొదట్లో, కొత్త ఏడాది కాలెండరు నమూనాల ఆల్బములు విడుదల చేయడం ఆనవాయితీ. శ్రావణ భాద్రపదాల్లో ఏజెంట్లు ఆ ఆల్బములు పట్టుకొని ఊళ్ళు తిరుగుతారు. బొమ్మ శివకాశిలో అచ్చవుతుంది. తేదీల చీటీ విడిగా వస్తుంది. కింద దుకాణం పేరు చాలాచోట్ల స్థానిక ముద్రణాలయంలో పడుతుంది. మన వ్యాపారులు విడివిడిగా ఏజెంటు చూపిన చీటీలలో ఒకటి ఒప్పుకుంటే అందులో తెలుగు ఉండదు. పదిమంది వ్యాపారులు కలిసి, బొమ్మ ఎవరికి నచ్చింది వారు తీసుకొని, తేదీల చీటీ మాత్రం అందరికీ ఒకటే తెలుగు, ఒడియా చీటీ వేయించుకుంటే కూర్పు ఒక్కసారే, ప్లేటు ఒక్కసారే. అచ్చుపనిలో కూర్పు, ప్లేటు, యంత్రం సిద్ధం చేయడం, వీటి ఖర్చు వంద ప్రతులకైనా అయిదువేల ప్రతులకైనా ఒకటే. ప్రతులు పెరిగినకొద్దీ పెరిగేది కాగితం, సిరా మాత్రమే. పంచాంగం తెలిసిన ఒక పండితుడు వినాయక చవితి నాటికి లెక్క ఇవ్వాలి. దసరా నాటికి ప్రూఫు ముగియాలి. దీపావళి నాటికి పని యంత్రం ఎక్కాలి. డిసెంబరు చివరికి ఇల్లిల్లూ చేరాలి.

రెండవది ఉగాది. తెలుగువారికి ఉగాది అచ్చు విలువ నేర్పిన పెద్ద కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం పెట్టిన ఆయన 1908లో ఆంధ్రపత్రిక స్థాపించి, 1910 నుండి ఉగాదికి సంవత్సరాది సంచికలు వెలువరించారు. ఆయన కూడా పొరరాష్ట్రంలో బతికిన తెలుగు వ్యాపారే అని మనవారు గమనించాలి. మనం అంత పెద్ద సంచిక వేయనక్కరలేదు. ఒక్క డెమీ ఫారం, అంటే పదహారు పుటలు చాలు. కొత్త సంవత్సరపు పేరు, స్థానిక పంచాంగం, పిల్లలు రాసిన నాలుగు రచనలు, మన దుకాణాల ప్రకటనలు. ప్రకటనల రాబడితోనే ఖర్చు గడవాలి. మాఘమాసంలో ప్రకటనలు సేకరించి, ఫాల్గుణ పున్నమికి అచ్చుకిస్తే ఉగాదికి చేతికి వస్తుంది.

మూడవది చైత్రం. చైత్ర మంగళవారాల్లో తారాతారిణి కొండకు ఎంత జనం వస్తారో ఈ ఊరివారికి నేను చెప్పనక్కరలేదు. పుట్టువెంట్రుకలు తీయించడానికి ఒడియావారితోపాటు ఆంధ్ర ప్రాంతం నుండీ తెలుగు కుటుంబాలు వస్తాయి. దారి, బస్సులు, మంచినీరు, వైద్యం, భోజనశాలలు ఎక్కడున్నాయో తెలుగులో ఒక చిన్న కరపత్రం ఉంటే ఎంత మేలు! డెమీలో ఎనిమిదో వంతు కాగితం చాలు. ఒక రీము, అంటే అయిదువందల పూర్తి కాగితాలు, నాలుగువేల కరపత్రాలవుతుంది. వెనకవైపు మన హోటళ్ళ, బట్టల దుకాణాల ప్రకటన వేస్తే ఖర్చు వారే భరిస్తారు, గిరాకీ వారికే వస్తుంది. బరంపురంలో రెండేళ్ళకొకసారి బుఢీ ఠాకురాణీ యాత్ర కూడా ఈ కాలంలోనే జరుగుతుంది. తెలుగు మాట్లాడే దేరా నేతపనివారు, వారి పెద్ద దేశిబెహరా, ఆ యాత్రకు మూలస్తంభాలు. అమ్మవారు ఆ ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వస్తుందని నమ్మకం. ఆ యాత్ర చరిత్ర తెలుగులో చిన్న పుస్తకంగా యాత్ర జరిగే ఏటనల్లా వెలువడాలి. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన బరంపురం పట్టుచీర అట్టపెట్టె మీద, నేసినవారి ఇంటి భాషలో కూడా ఒక పేరు ఉండాలని నా కోరిక.

నాలుగవది బడులు తెరిచే కాలం. నోటుపుస్తకాల మీద అంటించే చీటీలు, అక్షరమాల పట్టిక, గుణింతాల పట్టిక. పుస్తకాల దుకాణం పేరు కింద వేసి ఉచితంగా ఇవ్వవచ్చు. అయిదవది శ్రావణం మొదలు దసరా దాకా వచ్చే పండుగలు. వరలక్ష్మీ వ్రతానికి బట్టల దుకాణాల కరపత్రాలు, వినాయక చవితికి చందా రసీదు పుస్తకాలు, వ్రతకథ పుస్తకాలు, దసరాకు కార్యక్రమ పత్రాలు. వీటి నడుమనే ఆగస్టు 29, గిడుగువారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆనాడు పిల్లలు రాసినవి నాలుగు పుటలైనా అచ్చులో చూసుకోవాలి.

శుభలేఖలు, గృహప్రవేశ పత్రికలు, బారసాల పిలుపులు ముహూర్తాలను బట్టి వస్తాయి. వాటిని ముందే చెప్పలేం. కాని ముద్రణాలయానికి ఎప్పుడు ఊపిరాడదో, ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చెప్పగలం. మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖంలో శుభలేఖల తాకిడి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం మనకు శూన్యమాసాలు. మూఢాల్లోనూ పని తగ్గుతుంది. సంఘం పుస్తకాలు, పట్టికలు, రసీదు పుస్తకాలు వంటి తొందరలేని పనులను ఆ ఖాళీ నెలల్లో ఇవ్వండి. ముద్రాపకుడు తక్కువ ధరకు ఒప్పుకుంటాడు. కూర్చే మనిషికి ఆ నెలల్లోనూ కూలి దొరుకుతుంది. నెలకు రెండు పనులు ఉన్నచోట వారానికి రెండు పనులు కనబడితే, నేనిందాక చెప్పిన యజమాని తెలుగు మనిషిని తానే వెతుక్కుంటాడు. మన పిల్లల్లోనే ఒకరికి ఆ జీవనోపాధి దొరకవచ్చు. భాష నేర్చుకుంటే ఏమి వస్తుందని అడిగే తండ్రికి అంతకంటే మంచి సమాధానం లేదు.

పనిలో మెలకువల గురించి కొన్ని మాటలు. కంప్యూటరులో తెలుగు రెండు విధాలు. వెనకటి అను వంటి ఖతులతో కూర్చినది ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే గజిబిజి అవుతుంది. యూనికోడులో కూర్చినది ఫోనులోనూ, కంప్యూటరులోనూ తెలుగుగానే నిలుస్తుంది. యూనికోడు ఖతులు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో ఒకదాని పేరే గిడుగు. తెలుగు కూర్పు తెలిసినవారు శ్రీకాకుళంలో ఉన్నా, విశాఖలో ఉన్నా, అక్కడ కూర్పించి పీడీఎఫ్‌గా తెప్పించుకొని ఇక్కడ అచ్చు వేయించవచ్చు. తెలుగు రాని ముద్రాపకుడు ఫైలును ముట్టుకొని సవరించకూడదు. వత్తు ఒకటి జారితే అతనికి తెలియదు. ప్రతి ప్రూఫును ఇద్దరు చూడాలి. ఒకరు భాష తెలిసిన పెద్ద. రెండవది ఆ ఇంటి పిల్లో, పిల్లవాడో. తన ఇంటి శుభలేఖ ప్రూఫును వేలు పెట్టి చదివిన బిడ్డకు అక్షరాలు పట్టుబడతాయి. తాత పేరు, ఊరి పేరు, ఇంటిపేరు, తిథి, వారం అన్నీ అందులో ఉంటాయి. అంతకంటే ఆసక్తిగా చదివే వాచకం ఏ బడిలోనూ దొరకదు.

కొందరు మిత్రులు ఒక సందేహం అడుగుతారు. తెలుగులో వేస్తే పొరుగువారు నొచ్చుకోరా అని. 1954 చట్టం ప్రకారం ఈ రాష్ట్ర అధికారభాష ఒడియా. దాన్ని మనం గౌరవిస్తాం. మన పిల్లలు ఒడియా చక్కగా నేర్వాలి. నేను చెప్పే ప్రతి కాగితంలోనూ ఒడియాకు చోటు ఉన్నది. శుభలేఖ మడతలో ఒకవైపు తెలుగు, మరొకవైపు ఒడియా వేయండి. వియ్యంకులే రెండు భాషలవారైన పెళ్ళిళ్ళు మన జిల్లాలో తక్కువేమీ కావు. మన అంగళ్ళకు వచ్చేవారిలో ఎక్కువమంది ఒడియావారే. వారిని కాదనుకొని వ్యాపారం సాగదు. ఒకప్పుడు తాటాకు మీద గంటంతో రాసిన గుండ్రని లిపులే ఈ రెండూ. ఒకే పుటలో పక్కపక్కన పెడితే రెండూ అందంగానే ఉంటాయి.

అలాగని అడగవలసినది అడగకుండా ఉండరాదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు వినతిపత్రం ఇచ్చుకునే హక్కు మనకున్నది. 1956లో చేర్చిన 350ఏ ప్రాథమిక విద్యను మాతృభాషలో అందించే ఏర్పాట్లను గురించి చెబుతుంది. 350బీ భాషా అల్పసంఖ్యాకులకు ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. ఏ ప్రాంతంలోనైనా జనాభాలో పదిహేను శాతం, ఆపైన ఉన్న భాషలో ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు ప్రచురించాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు అంగీకరించిన రక్షణలలో ఒకటి. మన వార్డులవారీ లెక్కలు తీసి, వినతిపత్రం రాసి పెట్టాలి. అయితే, మన దుకాణం రసీదులో లేని తెలుగును పురపాలక నోటీసులో అడిగితే ఆ అధికారి ఏమనుకుంటాడు? ముందు మన కాగితం మీద చూపించి, తరువాత ప్రభుత్వ కాగితం మీద అడుగుదాం. ఓట్ల కాలంలో వచ్చే అభ్యర్థులను కూడా అడగండి. మన వీధిలో పంచే కరపత్రం మన భాషలో ఉండాలని. ఎన్నికల కరపత్రంలో ముద్రాపకుని పేరు, చిరునామా తప్పక ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ విభాగం చెబుతుంది. ఆ పేరు ఈ జిల్లా ముద్రణాలయానిదే అయితే ఆ పని కూడా మనవారికే దక్కుతుంది.

చివరగా మూడు విన్నపాలు. మొదటిది, ఈ ఊరి నుండి అయిదుగురు, ఛత్రపురం నుండి, బరంపురం నుండి మరికొందరు కలిసి ఒక అచ్చుపని సంఘంగా ఏర్పడండి. వారి దగ్గర ఒక పద్దు పుస్తకం, ఏడాది పనుల పట్టిక ఉండాలి. రెండవది, ప్రతి వ్యాపారి ఏడాదిలో కనీసం ఒక్క పని, రసీదు కానివ్వండి, సంచీ కానివ్వండి, కరపత్రం కానివ్వండి, రెండు భాషల్లో వేయిస్తానని ఈ సభలో మాట ఇవ్వండి. మూడవది, ప్రతి ఇల్లూ ఇకముందు జరిగే శుభకార్యానికి తెలుగు పిలుపు తప్పక వేయించాలి. సూరత్ మరమగ్గాలకు వలసపోయిన మన కుర్రవాళ్ళకు ఫోనులో పంపే పిలుపు కూడా తెలుగులోనే ఉండాలి. దూరాన ఉన్నవాడికి ఇంటి అక్షరమే ముందుగా కన్నుల పడాలి.

ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఇప్పటికే పెడుతున్న ఖర్చును ఒక క్రమంలో పెట్టుకోవడమే. ఒక ఏడాది పట్టుదలగా చేసి చూద్దాం. వచ్చే ఏటి కాలెండరులో గంజాం పొద్దుపొడుపు తెలుగు అంకెల పక్కన కనబడాలి.